పలక

దల్కావే ఒడ్డున సముద్రానికి
రోజుకి రెండుసార్లు మనసు మారుతుంది.
ఆటుకి పడవలన్నీ బురదలో పక్కకి ఒరిగి
పెళ్ళిలో మందెక్కువైన మేనమామల్లా పడుకుంటాయి.
పోటుకి ఏమీ ఎరగనట్టు లేచి నిలబడతాయి.
ఆ మధ్య ఆరు గంటలే నా కొలువు.

సాల్మన్ కంపెనీ షెడ్డులో ఉన్నప్పుడు
నాకు నారింజరంగు హెల్మెట్ ఉండేది,
గోడ మీద గడియారం ఉండేది.
చేపలకి జబ్బు చేసింది. షెడ్డుకి తాళం పడింది.
ఇప్పుడు నా సూపర్‌వైజరు చంద్రుడు.
ఓవర్‌టైము ఒప్పుకోడు.

ఈ ఉదయం రోసమెల్ గ్వెంతెయో పడవ.
పేరు పోర్ఫియాదా, అంటే మొండిఘటం.
అడుగంతా గుల్లలు, జారుడు నాచు,
పంపు నోట్లో ఏ పిల్లదో జడ రిబ్బను.
ఇంపెల్లర్ రెక్కల్లో మూడు అరిగిపోయాయి, ఒకటి అసలే లేదు.
జింకు దిమ్మ చప్పరించి ఉమ్మేసిన పిప్పరమెంటులా ఉంది.
ఇవన్నీ మామూలే.
ఇవి చెబితే రోసమెల్ తలూపుతాడు,
వేడివేడి మాతే గిన్నె చేతికందిస్తాడు.

అప్పుడు కీలు పక్క మూడో చెక్కని
సుత్తి పిడితో తట్టాను.
పలక అన్నాక పలకాలి.
ఇది పలకలేదు.
స్క్రూడ్రైవర్ ఊరికే ఆనించానంతే,
ఉడికిన బంగాళాదుంపలోకి దిగినట్టు
పిడి దాకా దిగబడింది.

"లప్పం పెట్టెయ్, ఒతీలియా" అన్నాడు
గొంతు తగ్గించి, ఒడ్డున మేమిద్దరమే ఉన్నా.
"పైన నీలం రంగు ఒక చెయ్యి వెయ్యి.
శనివారం కుర్రాడొచ్చి తీసుకెళ్తాడు.
సగం డబ్బు ఇచ్చేశాడు, ఖర్చయిపోయింది.
మా ఆవిడ మోకాలి సంగతి నీకు తెలుసు కదా."

తెలుసు.
ఆమె మోకాలూ తెలుసు, ఆ కుర్రాడూ తెలుసు.
నెస్తోర్ చిగ్వాయ్. పడవ ఇంకా చేతికి రాకుండానే
ఛాతీ మీద లంగరు పచ్చబొట్టు పొడిపించుకున్నాడు.
ఈత రాదు. ఇక్కడ చాలామందికి రాదు.
ఈ నీళ్ళ చలికి, నేర్చుకునేలోగానే
నేర్చుకోవలసిన అవసరం తీరిపోతుంది.

నేనేమీ అనలేదు. గడ్డపలుగు తీసుకుని
చెక్కని ఊడబెరికాను.

కుళ్ళు ఒక కొసకే పట్టింది. రెండో కొసన
పక్కటెముకకి ఆనుకున్న పొడి చోట
వడ్రంగి పెన్సిలు రాత:
"ఈ వంకర మేకు నాది కాదు.
నా ముందువాడిది. పీకితే ఎముక చీలేట్టుంది.
వదిలేశాను.
ఎలియెసెర్, ఎనభై ఏడు ఆగస్టు. వాన."

మోకాళ్ళ లోతు బురదలో నిలబడి
ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి చూశాను.
ఇన్నేళ్ళూ చేపల కంపులో, చీకట్లో
ఆ నాలుగు ముక్కలూ ఎవరి కోసం కూర్చున్నాయో!
నీలం రంగుని ఊరంతా చూస్తుంది.
దీన్ని చూసేది మళ్ళీ ఊడదీసేవాడు ఒక్కడే.
లప్పం పెడితే వాడికి నేనేమని రాయను?

"నా దగ్గర సైప్రస్ చెక్క ఒకటుంది" అన్నాను.
"దాని ఖరీదు మిగిలిన సగంలోంచి ఇద్దువు గాని.
నెస్తోర్‌కి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"
రోసమెల్ నీళ్ళకేసి చూశాడు.
అవి అప్పుడే తిరుగుముఖం పట్టాయి,
పీతల బొరియలు ఒక్కొక్కటే నింపుకుంటూ.

చెక్కకి వేడి గుడ్డలు చుట్టి వంచాను.
బిగించబోతే కొస బుసకొట్టినట్టు పైకి లేచింది.
చొక్కా చేతులు మడిచి, తిట్టుకుంటూ,
నన్నో, చెక్కనో, మోకాలినో తెలీదు,
రోసమెల్ దాన్ని భుజంతో అదిమి పట్టాడు.
సందుల్లో అలెర్సే బెరడు నార కూరేసరికి
నీళ్ళు నా బూట్లలోకి వచ్చేశాయి.

బిగించే ముందు నేనూ రాశాను లోపలి వైపు:
"చెక్క మార్చాను. మేకు అక్కడే ఉంది.
నాదీ కాదు. ఒతీలియా."

పోర్ఫియాదా ఒళ్ళు విరుచుకుని లేచింది.
కొత్త అతుకు దగ్గర చుక్క, ఇంకో చుక్క.
రేపటికి చెక్క నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఆగుతుంది.
ఆగాలి.
రోసమెల్ డబ్బు మాట ఎత్తకుండా
మెట్ట ఎక్కి వెళ్ళిపోయాడు,
నెస్తోర్ ఇంటి వైపో, తన ఇంటి వైపో,
ఆ మలుపు దాకా రెండింటికీ దారి ఒకటే.
మాతే గిన్నె నా పనిముట్ల పెట్టెలోనే మరిచిపోయాడు,
ఇంకా గోరువెచ్చగా ఉంది.